2020 నడకల మీద పటం, శబ్దం, వీడియో కలిపి ఒక పని చేస్తున్నాను: సలహాలు, అభ్యంతరాలు రెండూ కావాలి

కొత్తవాడ_స్వప్న | జనవరి 19, 2025

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తాడు. నేను బొమ్మలు వేస్తాను, పిల్లలకు డ్రాయింగ్ చెప్తాను. ఈ మార్చికి లాక్‌డౌన్ పెట్టి అయిదేళ్లు. అప్పటి నుంచి మనసులో ఉండిపోయిన పని ఒకటి ఈ ఏడాది ఎట్లాగైనా చేద్దామని కూర్చున్నాను.

మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవుతో చేర్యాల పద్ధతిలో, అంటే గుడ్డ మీద కథను గడులు గడులుగా గీసి చుట్టిపెట్టే పద్ధతిలో, ఒక పటం. వరంగల్ నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పోయే 163 నంబరు జాతీయ రహదారి ఆ పటంలో పై నుంచి కిందికి దిగుతూ ఉంటుంది. లాక్‌డౌన్‌లో పని, బండ్లు ఆగిపోయి దాని వెంట సొంత ఊళ్లకు నడిచిన మనుషులు ఉంటారు. పటం విప్పుతుంటే స్పీకర్లలో గొంతులు, అడుగుల చప్పుడు వినిపిస్తాయి. కొన్ని గడుల మీద ప్రొజెక్టర్‌తో బొమ్మలు కదులుతాయి. మొత్తం పన్నెండు, పదిహేను నిమిషాలు.

2020 ఏప్రిల్‌లో, ములుగు జిల్లాకు మిరపకాయ ఏరడానికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ అమ్మాయి బీజాపూర్ జిల్లాలోని సొంత ఊరికి నడుచుకుంటూ బయలుదేరింది. మూడు రోజులు నడిచింది. ఊరు దగ్గర పడ్డాక, ఏప్రిల్ 18న ప్రాణం పోయింది. ఆ వార్త చదివిన రోజు మా డాబా మీద ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఎరుపు నా కళ్లలోంచి ఇప్పటికీ పోలేదు. చేర్యాల పటానికి వెనక వేసే రంగు కూడా ఎరుపే. అందుకే ఈ పద్ధతి ఎంచుకున్నాను.

ఆ తర్వాత నెల, మే 25న, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి ప్రాణం తీసిన వీడియో ఫోన్‌లో చూశాను. ఆ రెండూ నాలో ఒకే చోట ఉండిపోయాయి. రెండూ ఒకే పటంలో ఉండాలని అనిపిస్తోంది.

భయం కూడా ఇక్కడే. ఆ అమ్మాయి ముఖం నేను వేయొచ్చా? నేను ఆ రోడ్డు మీద ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు. అమెరికా సంగతి ఇందులోకి తెస్తే నిజాయితీగా ఉంటుందా? మొహమాటపడకుండా చెప్పండి.

---

జనగామ_సారు | జనవరి 19

బిడ్డా, ముందు గుడ్డ సంగతి. ఖాదీ తీసుకో. చింతగింజలు రాత్రంతా నానబెట్టి, నూరి, ఉడికిస్తే అంబలిలా చిక్కబడుతుంది. అందులో సుద్దమట్టి, బంక కలిపి గుడ్డకు పట్టించాలి. ఒక పూత పూర్తిగా ఆరినాకనే ఇంకో పూత. అట్లా మూడు. తడి మీద తడి వేస్తే చుట్టినప్పుడు పగుళ్లు వస్తాయి. నీది మాటిమాటికీ చుట్టి విప్పే పటం కాబట్టి పూత పలచగా ఉండాలి. గడికీ గడికీ మధ్య వచ్చే పూల అంచుల్లోంచి రోడ్డును కిందికి దించు. అప్పుడు గడి మారినా నడక ఆగదు.

ఇక నువ్వడిగిన హక్కు సంగతి. పటం వేసే నకాషీ ఒకరు. ఆ పటం పట్టుకుని కథ చెప్పేవాళ్లు ఇంకొకరు. ఆ కథ ఎవరిదో ఆ కులం వాళ్లు మూడోవారు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గౌడులకు గౌడజెట్టి వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లు. నా చిన్నతనంలో మా వాడకట్టుకు కూనపులి వాళ్లు వచ్చి, వేపచెట్టు కింద కట్టెలు పాతి పటం కట్టేవాళ్లు. కథ తప్పితే ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "అట్ల కాదు, మల్ల చెప్పు" అనేవాళ్లు. చెప్పేవాడు ఆగి, మళ్లీ చెప్పేవాడు.

కథ ఎవరిదో వాళ్ల ముందే చెప్పాలి. వాళ్లకు ఆపే అధికారం ఉండాలి. నీ పటాన్ని మొదట ఎవరి ముందు విప్పుతావో తేల్చుకో. ఆ తర్వాతే చింతగింజలు నానబెట్టు.

---

డప్పు_శీను | జనవరి 20

అక్కా, మాది పరకాల దగ్గర. మా బాపు డప్పు కొడతాడు. 2020 మార్చిలో మా ఊళ్లో లాక్‌డౌన్ చాటింపు వేసింది ఆయనే. "మనిషికి మనిషికి ఎడం ఉండాలె, ఎవ్వరు బయటికి రావద్దు" అని ఊరంతా తిరిగి చెప్పిండు. అది అయిపోయాక దాహమై ఒక ఇంటి ముందు నీళ్లు అడిగిండు. ఇంటామె చెంబు పైకెత్తి దోసిట్లో పోసింది. కరోనా భయం కావచ్చు అనుకున్నాం. కరోనా పోయి ఇన్నేళ్లయింది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు చూశాను, అదే ఇల్లు, అదే చెంబు, అదే దోసిలి.

టీవీల్లో పొద్దస్తమానం "సామాజిక దూరం పాటించండి" అనేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే భౌతిక దూరం అనడం మొదలుపెట్టింది. మన దగ్గర మాత్రం సామాజిక దూరమే నాలుకల మీద నిలిచిపోయింది. ఆ మాట విన్నప్పుడల్లా మా వాడలో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. మా తాత పుట్టినప్పటి నుంచి పాటిస్తున్నది దాన్నే కదా.

అమెరికా గడి వేయొద్దని అనను. ఫూలే 1873లో తన పుస్తకం గులాంగిరీని, బానిసత్వాన్ని తీసేయడానికి నిలబడిన అమెరికా మనుషులకు అంకితం ఇచ్చిండు. అంబేద్కర్ 1946లో అక్కడి నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు పెట్టుకున్నది అక్కడి నల్లవాళ్ల సంఘం బ్లాక్ పాంథర్స్‌ను చూసే. ఆ దారి మా వాళ్లు ఎప్పుడో తొక్కిన దారి. కానీ ఆ వీడియో చూసి స్టేటస్‌లు పెట్టిన నా దోస్తుల్లో ఇద్దరు ఈ రోజుకీ మా ఇంట్లో అన్నం ముట్టరు. నీ పటంలో అమెరికా గడి పక్కన మా ఊరి చెంబు ఉండాలె. అది లేకపోతే ఆ గడి నాకొద్దు.

---

కొత్తవాడ_స్వప్న | జనవరి 20

శీను తమ్మీ, రాత్రి నుంచి నీ పోస్టు నాలుగుసార్లు చదివాను. చెంబు వేస్తాను. ఎట్లా వేయాలో మీ బాపును అడిగే వేస్తాను. ఆయన ఒప్పుకుంటే వచ్చి కలుస్తాను.

---

రమ్య_మినియాపోలిస్ | జనవరి 21

హనుమకొండలో పుట్టి పెరిగాను. పదమూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఫ్లాయిడ్ చనిపోయిన 38వ వీధి, చికాగో అవెన్యూ మూల మా ఇంటికి కారులో పావుగంట.

ఆయన చనిపోయిన వారం తర్వాత మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్లాను. దారి పొడుగునా షాపుల అద్దాలకు ప్లైవుడ్ బోర్డులు కొట్టేశారు. కాలిన వాసన ఇంకా పోలేదు. ఆ ప్లైవుడ్ మీదే జనం బొమ్మలు వేస్తున్నారు. ఎవరో పిల్లలు నిచ్చెన లేక ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి రాస్తున్నారు. తర్వాత షాపులు తెరిచినప్పుడు ఆ బోర్డులు చెత్తలోకి పోకుండా ఇక్కడివాళ్లే వందల కొద్దీ సేకరించి దాచారు.

స్వప్నా, మహమ్మారి ఒకటి, జాతి అన్యాయం ఇంకొకటి అని నువ్వు రెండు దారాలుగా పట్టుకుంటున్నావు. ఫ్లాయిడ్ విషయంలో అవి విడిగా లేవు. లాక్‌డౌన్‌లో ఆయన పని చేసే చోటు మూతపడి ఉద్యోగం పోయింది. ఏప్రిల్‌లో ఆయనకు కోవిడ్ వచ్చింది. మే నెలలో ఆ మోకాలు. మిరపచేల నుంచి నడిచిన అమ్మాయి విషయంలోనూ అంతే కదా. రోగం ఆమెకు రాలేదు. పని ఆగింది, బండ్లు ఆగాయి, నడక మిగిలింది.

ఇంకొక సంగతి. ఆ మోకాలు ఆయన మెడ మీద ఎంతసేపు ఉందంటే, మొదట్లో ప్రపంచమంతా 8 నిమిషాల 46 సెకన్లు అంది. ఆ అంకె మీద ఎంతోమంది మౌనం పాటించారు, పాటలు కట్టారు. 2021లో విచారణ జరిగినప్పుడు అసలు లెక్క 9 నిమిషాల 29 సెకన్లని తేలింది. అంకెల మీద పని కట్టేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో.

ఆ వీడియోను మాత్రం వాడొద్దు. దాని శబ్దం కూడా వద్దు. దాన్ని తీసిన అమ్మాయికి అప్పుడు పదిహేడేళ్లు. భయపడుతూనే ఫోన్ దించకుండా నిలబడింది. 2021లో ఆమెకు ఇక్కడ పత్రికా రంగానికి ఇచ్చే పులిట్జర్ అవార్డు వాళ్లు ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. నీ గడిలో ఆమె చేతిని వేయి, ఫోన్ పట్టుకున్న చేతిని. అంతకంటే ఏమీ అవసరం లేదు.

శీను అన్నా, మీ మాట ఇక్కడి తెలుగువాళ్లకూ వర్తిస్తుంది. 2017లో కాన్సస్‌లో మన ఇంజనీరును "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చినప్పుడు అందరం వణికిపోయాం. 2020లో నల్లవాళ్లు రోడ్డెక్కినప్పుడు మా గ్రూపుల్లో ఎక్కువగా వచ్చిన మెసేజ్ "ఆ ఏరియాకు వెళ్లకండి" అని. నేనూ దాన్ని ఫార్వర్డ్ చేశాను.

---

కాజీపేట_జంక్షన్ | జనవరి 22

రైల్వేలో ట్రాక్ పని చేసి రిటైరైన వాణ్ని. రోడ్డే కాదు తల్లీ, పట్టాల వెంట కూడా జనం నడిచారు. పట్టాలు దారి తప్పనివ్వవు, పోలీసులు ఆపరు అని. 2020 మే 8న ఔరంగాబాద్ జిల్లాలో పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీది నుంచి గూడ్సు పోయింది. ఆ కంకర మీద రొట్టెలు పడి ఉన్న ఫోటో అందరూ చూశారు. నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను.

అడుగుల చప్పుడు అన్నావు కాబట్టి చెప్తున్నా. మెయిన్ లైన్‌లో కిలోమీటరుకు 1660 స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే సిమెంటు దిమ్మలు, ఉంటాయి. అంటే రెండింటి మధ్య అరవై సెంటీమీటర్లు. మనిషి మామూలు అడుగు అంతకంటే పెద్దది. స్లీపరు మీద స్లీపరు వేసుకుంటూ పోతే అడుగు చిన్నదవుతుంది, ఒకటి వదిలేస్తే మరీ పెద్దదవుతుంది. అందుకే పట్టాల మీద ఎవరి నడకా లయలో ఉండదు. ఒక అడుగు సిమెంటు మీద, ఒక అడుగు కంకరలో. టక్, కరకర, టక్, టక్, కరకర. ముప్పై ఏళ్లు నడిచినా నాకు అలవాటు కాలేదు. చంకలో పిల్లను ఎత్తుకుని నడిచేవాళ్ల సంగతి ఆలోచించు. చక్కగా తాళం వేసినట్టు అడుగుల చప్పుడు పెడితే అది అబద్ధం అవుతుంది.

పట్టాల మీదికి పోయి రికార్డు చేయొద్దు, అది నేరం, ప్రాణాపాయం. కంకర గుట్ట ఒకటి, పాత సిమెంటు దిమ్మలు నాలుగు చాలు. నేను నడిచి చూపిస్తా.

---

సౌండ్_ఫారూఖ్ | జనవరి 23

కరీంనగర్. పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములకు సౌండ్ చేస్తాను. కాజీపేట అంకుల్ నడిస్తే రికార్డు చేయడానికి నేను వస్తాను, పైసలు వద్దు.

చెల్లె, ప్రొజెక్టర్ గురించి ముందే చెప్పాలి. ఎరుపు మీద వీడియో వేస్తే నీలం, ఆకుపచ్చ చచ్చిపోతాయి. ఎర్రటి గుడ్డ ఎర్రటి వెలుతురునే తిప్పి పంపుతుంది, మిగతాది మింగేస్తుంది. తెల్లటి గీతలతో యానిమేషన్ చేస్తే ఎర్రటి గీతల్లా కనిపిస్తుంది, అది బాగుంటుంది. ఫోటోలు, ముఖాలు మాత్రం ఖరాబైతాయి. వేరే బొమ్మలు కావాలంటే పటం పక్కన తెల్ల ధోవతి ఒకటి కట్టు. ఊళ్లో వీధిలైటు దగ్గర వేస్తే 3000 ల్యూమెన్ల కంటే తక్కువ ప్రొజెక్టర్ పనికిరాదు.

బొమ్మలు కదిలించడానికి సెకనుకు 12 ఫోటోలు చాలు. మూడు నిమిషాలకు 2160. ఫోన్‌ను స్టాండుకు బిగించి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి బల్బు వెలుతురులో షటర్ 1/50 పెట్టు, లేకపోతే చారలు వస్తాయి. గొంతులు వేవ్ ఫైల్‌గా, 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకో. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. మాట్లాడించిన ప్రతి చోటా ఎవరూ మాట్లాడని ఒక నిమిషం కూడా రికార్డు చెయ్. ఆ చోటు గాలి, ఆ చోటు పిట్టలు. ఎడిటింగ్‌లో అదే నిన్ను కాపాడుతుంది.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2020 ఏప్రిల్‌లో రోగం మా వాళ్లే తెచ్చారన్న మాట ఊరంతా పాకింది. పదేళ్లుగా మా అమ్మ కూరగాయలు కొనే బండి దగ్గర, "మీ గల్లీ వాళ్లకు ఇయ్య" అన్నాడు ఆయన. అమ్మ ఖాళీ సంచితో ఇంటికొచ్చి ఆ సంచిని నాలుగు మడతలు పెట్టి అల్మారాలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ సంచి నీ పటంలో చిన్నగా ఎక్కడైనా పెడతావా?

---

కొత్తవాడ_స్వప్న | జనవరి 23

పెడతాను అన్నా. అమ్మను అడిగి, ఆమె సరే అంటే.

---

గీసుగొండ_వేణు | జనవరి 25

మన దగ్గర జరిగిన పెద్ద విషాదాన్ని అందరూ మర్చిపోయారు. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు. బెంగాల్, బీహార్, త్రిపుర నుంచి వచ్చిన కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు. లాక్‌డౌన్ మీద పటం అంటే ఆ బావి మధ్యలో ఉండాలి. చూసినవాళ్లు కదిలిపోతారు.

---

కాజీపేట_జంక్షన్ | జనవరి 25

వేణూ, ఆగాలి. మొదటి రోజు అందరం అదే అనుకున్నాం, పని లేక, తిండి లేక కుటుంబమంతా దూకిందని. తర్వాత తేలింది వేరు. అది హత్య. అదే ఏడాది అక్టోబర్‌లో వరంగల్ కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది. దాన్ని లాక్‌డౌన్ చావుగా పటంలో వేస్తే చనిపోయినవాళ్ల కథను రెండోసారి తప్పు చెప్పినట్టు.

---

డప్పు_శీను | జనవరి 25

అంకుల్ చెప్పింది కరెక్ట్. "చూసినవాళ్లు కదిలిపోతారు" అనే లెక్కతో ఏ గడీ వేయొద్దు.

---

గీసుగొండ_వేణు | జనవరి 26

నాకు కోర్టు సంగతి లీలగా గుర్తుంది, అయినా రాసేశాను. ఆ బావి దగ్గర జనం మధ్య ఆ రోజు నేనూ నిలబడ్డాను. అక్కడ విన్నదే ఇన్నేళ్లుగా నాలో నిజంగా ఉండిపోయింది. సారీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 29

నర్సును. ఆ రెండేళ్ల గురించి మాట్లాడటం నాకు ఇంకా రాదు, అది వదిలేస్తాను. అంతకు ముందు హెచ్‌ఐవీ కౌన్సెలింగ్‌లో పని చేశాను. అప్పుడు ట్రైనింగ్‌లో ఒక ఫోటో చూపించారు. 1987లో వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల పేర్లు కుట్టిన 1,920 గుడ్డలను నేల మీద పరిచారు. ఒక్కోటి మూడడుగులు, ఆరడుగులు. మనిషిని పాతిపెట్టే గుంత కొలత. ఎవరి గుడ్డను వాళ్ల స్నేహితులు, ఇంటివాళ్లు కుట్టారు.

స్వప్నా, మీ నాన్న జంపఖానాలు నేస్తాడన్నావు కదా. మూడుకు ఆరు కొలత జంపఖానా మీ మగ్గం మీద రోజూ దిగేదే. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు ఆ ఫోటో గుర్తొస్తూ ఉంది.

---

కొత్తవాడ_స్వప్న | ఫిబ్రవరి 2

సిస్టర్, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. పొద్దున లేచి చూస్తే మగ్గం మీద నల్ల దారం ఎక్కిస్తున్నాడు. "పటం చూసేటోళ్లు కింద కూసుండాలె గద, ఆరు నేస్త" అన్నాడు.

ఇప్పటికి నేను తేల్చుకున్నవి. ఆ అమ్మాయి ముఖం వేయను. ఆమె పేరు కూడా పెట్టను, ఆమె ఇంటివాళ్లను నేను అడగలేదు కాబట్టి. ఒక గడి మొత్తం ఖాళీగా, ఎర్రగా ఉంటుంది. అందులో మిరపకాయల మూట ఒక్కటే. గొంతులు ఎవరివైతే వాళ్లు ముందు తమ భాషలో ఒప్పుకున్నట్టు చెప్పాకే రికార్డు చేస్తాను. ఎవరైనా తర్వాత వద్దంటే తీసేస్తాను. పని మానుకుని కూర్చున్నవాళ్లకు ఆ రోజు కూలి ఇస్తాను. మొదటి ప్రదర్శన హాల్లో కాదు, సారు చెప్పినట్టు, ఏటూరునాగారం వైపు మిరపచేల దగ్గర, ఈ సీజన్ అయిపోయేలోపే.

మొన్న పరకాల పోయి శీను వాళ్ల బాపును కలిశాను. చెంబు గడి గురించి అడిగితే ఆయన ఒక్కటే అన్నాడు. "నన్ను వంగినట్టు ఎయ్యకు బిడ్డా. దోసిలి పట్టినా నిలబడే తాగిన."

---

రమ్య_మినియాపోలిస్ | ఫిబ్రవరి 3

శీను అన్న డుబోయిస్ పేరు చెప్పాక గుర్తొచ్చింది. 1900లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆయన అట్లాంటాలోని తన విద్యార్థులతో కలిసి జార్జియా నల్లవాళ్ల జీవితం మీద చేత్తో గీసిన లెక్కల పటాలు పంపాడు. భూమి ఎంత, చదువు ఎంత, బానిసత్వం నుంచి ఎందరు బయటపడ్డారు. గాఢమైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో చుట్టలు తిరిగిన గీతలు. వాటి ప్రింట్లు చూసినప్పుడు మన పటాలే గుర్తొచ్చాయి. నడిచిన దూరాలను అట్లా గీస్తే? ఒక్కో మనిషికి ఒక గీత, వాళ్లు చెప్పిన దూరమంత పొడవు.

---

జనగామ_సారు | ఫిబ్రవరి 3

పటం అడుగున ఆఖరి గడిలో వేస్తే బాగుంటుంది. రంగులు కూడా మనవే.

---

సౌండ్_ఫారూఖ్ | ఫిబ్రవరి 17

నిన్న కాజీపేటలో రికార్డింగ్ అయింది. ఒక ఖాళీ స్థలంలో కంకర పోయించి, దిమ్మలు అరవై సెంటీమీటర్లకు ఒకటి పెట్టాం. అంకుల్ నలభై నిమిషాలు నడిచారు. మొదట చెప్పులతో, తర్వాత చెప్పులు లేకుండా. వద్దన్నా వినలేదు. చెప్పులు లేని టేక్‌లో అడుగుల కంటే ఊపిరి ఎక్కువ వినిపిస్తోంది. దాన్నే వాడదాం.

---

రమ్య_మినియాపోలిస్ | మార్చి 11

2020 జూన్ 5న వాషింగ్టన్‌లో, వైట్‌హౌస్‌కు దగ్గరగా, రోడ్డు మీద రెండు బ్లాకుల పొడవునా పసుపు రంగుతో బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అని రాశారు కదా. ఆ అక్షరాలను తవ్వి తీసేయడం ఈ వారమే మొదలుపెట్టారు. యంత్రాలతో పెళ్లగిస్తున్నారు. ఆ పసుపు పెచ్చులు ఏరుకోవడానికి జనం వచ్చారట. నాకు ఏడుపొచ్చింది. ఎక్కడ చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

---

డప్పు_శీను | మార్చి 11

రమ్యక్కా, ప్రభుత్వం తన రోడ్డు మీద రాసింది, ప్రభుత్వమే తవ్వించింది. మీ ఊళ్లో పిల్లలు భుజాలెక్కి రాసిన ప్లైవుడ్‌ను జనం దాచుకున్నారు, అది ఉంది. బాపు ఈ మాట విని ఆ పెచ్చు ఒకటి దొరికితే పంపమన్నాడు.

---

కొత్తవాడ_స్వప్న | మార్చి 24

నిన్న సాయంత్రం ఏటూరునాగారం దాటాక ఒక మిరపచేను దగ్గర పటం విప్పాం. ఫారూఖ్ అన్న, శీను, నేను. కోయ భాష వచ్చిన టీచర్ ఒకాయన పక్కన నిలబడి మాట మాటకూ చెప్పారు. నలభై మంది దాకా వచ్చారు. ఎక్కువ మంది సరిహద్దు అవతలి నుంచి మిరపకాయ ఏరడానికి వచ్చినవాళ్లు. నాన్న నేసిన ఆరు నల్ల జంపఖానాల మీద ముందు పిల్లలు కూర్చున్నారు. ఇన్వర్టర్ మధ్యలో ఒకసారి ఆగింది. అప్పుడు ఎవరూ లేచి పోలేదు.

నాలుగో గడి దగ్గర ఒకామె చెయ్యెత్తింది. నలభై ఏళ్లుంటాయి. అయిదేళ్ల కిందట ఆమె కూడా నడిచిందట. పటం దగ్గరికి వచ్చి రోడ్డు మీద వేలు పెట్టి మాట్లాడింది. టీచర్ చెప్పింది విని నాకు కాళ్లు ఆడలేదు.

"ఇది తప్పు. మేం పగలు నడవలేదు. పగలు అడవిలో పడుకున్నాం, రాత్రి నడిచాం. ఎరుపు ఎక్కడిది? అంతా నలుపే. పిల్లల్ని వెనక వేశావు. పిల్లలు వెనక ఉంటే పాము కరిచినా తెలియదు. మధ్యలో పెట్టుకున్నాం. ముందు ఒక మగమనిషి, వెనక ఒక ముసలమ్మ. పాట కూడా లేదు, మాట కూడా లేదు. చేతులు పట్టుకున్నాం."

ఖాళీ గడి దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. దాన్ని మాత్రం మార్చొద్దంది. మూటను ఇంకా చిన్నగా వేయమంది, పన్నెండేళ్ల పిల్ల మోసేంత.

నేను ఆ ఎరుపు కోసమే ఈ పని మొదలుపెట్టాను. అది మా డాబా మీది ఎరుపు. వాళ్ల రోడ్డుది కాదు.

సారూ, ఇప్పుడు రోడ్డున్న పదకొండు గడుల్లో నేల రంగు నలుపు చేయాలి. ఎరుపు మీద నేరుగా నలుపు వేస్తే పెచ్చులు లేస్తుందా? లేక ఆ గడుల వరకు గీకి మళ్లీ చింతగింజల పూత వేయాలా?

---

జనగామ_సారు | మార్చి 24

గీకొద్దు, గుడ్డ దెబ్బతింటుంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, పలచటి సుద్ద పూత ఒక్కటి వేసి ఆరనివ్వు. దాని మీద దీపపు మసిని బంకతో కలిపి వేయి. అంచుల్లో ఎరుపు కొంచెం కనబడుతుంది. కనబడనియ్యి. మసి నా దగ్గర ఉంది, బస్సుకు పంపిస్తా.

---

సౌండ్_ఫారూఖ్ | మార్చి 24

నలుపు మీద ప్రొజెక్షన్ అస్సలు కనబడదు. ఆ పదకొండు గడుల్లో వీడియో తీసేద్దాం. పాట కూడా తీసేస్తున్నాను. అంకుల్ అడుగులు, ఊపిరి, ఆ చేను దగ్గర నిన్న రాత్రి రికార్డు చేసిన ఒక నిమిషం. అవి మాత్రమే ఉంచుతాను.

---

డప్పు_శీను | మార్చి 25

అక్కా, ఆదివారం బాపును తీసుకుని కొత్తవాడ వస్తున్నా. పదకొండు గడులకు సుద్ద పూత అంటే ఒక్కదానివి చేయలేవు. ఆయన చెంబు గడి కూడా చూస్తానంటున్నాడు. ఏప్రిల్ మొదటి వారం దాటితే మిరప ఏరేవాళ్లు వెళ్లిపోతారు. అంతలోపే ఆమెకు మళ్లీ చూపించాలె.